పాపఘ్నీ తీరమున మందల చలికాపు

కడప మండలమును గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది దాని యెండను గూర్చియే వ్రాసిరి. చైత్రవైశాఖములలో నాపబండలు కాలి, చెఱువుల అడుగులు నెఱ్ఱెలు వాఱి, పెన్న యిసుకపై కాలు మోపుటకు వీలులేక యుండు సీమలో చలికాలపు పశుపోషణకు ఒక చరిత్ర కలదనిన, వినువారికి వింతగా తోచుట సహజము. మంచు గడ్డకట్టు దేశములలో పశువులను చలి నుండి కాపాడుట ఒక విద్య యగును గాని, ధనుర్మాసపు తెల్లవాఱుజామున సైతము సాధారణముగ 15 డిగ్రీలకు దిగువకు పోని కమలాపురపు పొలములలో అట్టి విద్యకు పని యేమి యని అడుగవచ్చును. పని కలదు; శతాబ్దములుగా కలదు. ఆ విద్యను నేర్చి, నిలిపి, కొడుకులకు అప్పగించినవారు ఈ సీమ గొల్లలు, కురుబలు. శాసనములు గొఱ్ఱెలను లెక్కించినవి. ప్రభుత్వములు మేపుపై పన్ను గట్టినవి. ఆ గొఱ్ఱెలు కార్తీకము మొదలు మాఘము వఱకు రాత్రులు ఎట్లు గడపినవో వ్రాసిపెట్టినవారు మాత్రము మిక్కిలి అరుదు.

కమలాపురము పాపఘ్ని పెన్నలో కలియు చోటికి చేరువ నున్న యూరు. నందికొండల ప్రాంతమున బుట్టిన పాపఘ్ని వేంపల్లెకు సమీపమున గండి యొద్ద కొండలను చీల్చుకొని వచ్చి, ఈ మైదానమున పెన్నను జేరును. ఉత్తరమున కర్నూలు సీమ నుండి కుందేఱును, పడమట గండికోట దాపున చిత్రావతియును అదే పెన్నలో గలియును. ఏళ్లు ఇన్ని కలియు చోట నేల రెండు తెఱగులు: లోతైన నల్లరేగడి యొకటి, రాతిగుట్టల పాదముల ఎఱ్ఱని గరుగు రెండవది. దక్షిణమున పాలకొండలు, తూర్పున లంకమల, దాని కుత్తరమున నల్లమల. మందను నడుపువానికి ఈ భూగోళమంతయు రెండే ప్రశ్నలుగా కనబడును: వాన పడినప్పుడు నీరు నిలువని చోటేది, తూర్పుగాలి తగులని చోటేది.

చలి యనగా ఈ సీమలో మంచు కాదు, తడి. నైరృతి వానలు ఇచ్చటికి అలసి వచ్చును. ఆశ్వయుజ కార్తీకములలో బంగాళాఖాతమున వాయుగుండము లేచినప్పుడు ఈశాన్యపు వాన దినముల తరబడి ముసురుగా పట్టును. ఆ ముసురులో గాలి ఎడతెగక వీచును, సూర్యుడు కానరాడు, నేల ఆఱదు. ఈ ప్రాంతపు గొఱ్ఱె నెల్లూరు జాతిది. తెల్లని పల్ల, కన్నులచుట్టును నల్లమచ్చలు గల జోడిపి, ఎఱ్ఱని దొర యని మూడు రకములు దానికి కలవు. పొడవైన కాళ్లు, వ్రేలాడు చెవులు, ఒడలినిండ పొట్టి వెండ్రుకయే గాని ఉన్ని లేదు. ఎండకు అది వరము. ముసురుకు అది శాపము. ఉన్నిగొఱ్ఱె చర్మమునకు తడి చేరుటకు ఎంతయో కాలము పట్టగా, ఈ వెండ్రుకగొఱ్ఱె అర్ధగంట వానకే తోలు దాక తడియును. తడిసిన తోలుపై గాలి వీచిన యెడల శరీరపు వేడిమి గంటలలో హరించిపోవును. ఆ వేళ ఉష్ణమానపు పట్టిక 20 డిగ్రీలు చూపుచున్నను గొఱ్ఱెకు అది గడ్డకట్టు చలితో సమానము. మేక మఱింత సున్నితము. నాలుగు చినుకులు పడగానే మేఁత విడిచి అది గూడు వెదకుకొని పరువెత్తుటకు కారణమిదియే.

దీనికి తోడు ప్రకృతి ఒక చిక్కును గల్పించినది. జ్యేష్ఠాషాఢములలో తొలకరికి పచ్చిక మొలచి, తల్లిగొఱ్ఱెలు కండ పట్టి, పొట్టేలుతో కలియును. అయిదు మాసముల గర్భము గనుక ఈఁత సరిగా కార్తీక మార్గశిరములలో పడును. ముసురు పట్టు దినములలోనే మందలో అన్నిటికంటె దుర్బలమగు ప్రాణి భూమిమీద పడుచున్నదన్నమాట. రెండున్నర మూడు కిలోల బరువు గల పిల్ల, తల్లి గర్భములో 39 డిగ్రీల వెచ్చదనమున నుండి, ఉమ్మనీటితో తడిసిన యొడలితో, తూర్పుగాలిలో, నల్లబురదలో వచ్చి పడును. మందకు వచ్చెడి ఏడాదిపాటు భాగ్యమో దౌర్భాగ్యమో నిర్ణయించునవి ఆ రెండు మాసములు.

ఇక చరిత్రకు వత్తము. కమలాపురపు పాత తాలూకాలోని కలమళ్లలో రేనాటి చోళుడగు ధనంజయుని శాసనము కలదు. క్రీస్తుశకము 575 ప్రాంతముదని పండితులు నిర్ణయించిన ఆ శాసనము నేటివఱకు మనకు దొరికిన తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది. తెలుగు రాతియందు మొదట నిలిచిన నేల ఇది; ఆ రాతి చుట్టును మేసినవి ఈ మందలే. తరువాతి శతాబ్దుల దానశాసనములను చదువువారికి ఒక విశేషము కనబడును. ఆలయమున అఖండదీపమునకై దాతలు పొలమునో ధనమునో యిచ్చినట్లే గొఱ్ఱెలనుగూడ ఇచ్చెడివారు. ద్రాక్షారామపు శాసనములలో దీపమొకటికి తఱచుగా 50 గొఱ్ఱెలు. వానిని బోయల వశము చేసి, వారు దినమునకు మానెడు నెయ్యి ఆలయమునకు పోయవలెనని కట్టడి. తంజావూరి పెద్దగుడిలో రాజరాజచోళుని కాలమున దీపమొకటికి 96 గొఱ్ఱెలు. ఆ తమిళ శాసనములలో ఈ గొఱ్ఱెలు చావనివియు ముదియనివియు నని వ్రాయబడుట నన్ను ఎన్నియో మాఱులు ఆలోచింపజేసినది.

గొఱ్ఱె చావకుండునా? చచ్చును. అయినను లెక్కలో చావరాదు. ఒకటి చచ్చిన యెడల కాపరి దాని స్థానమున మఱియొకదానిని నిలుపవలయును. మంద పెరుగుదలలో అతనికి భాగము కలదు గనుక, తఱుగుదలయు అతనిదే యని ధర్మము. శిల్పి రాతిపై చెక్కిన ఆ అమరత్వమును ఆచరణలో పెట్టవలసినవాడు వానలో కూర్చున్న కాపరి. గర్భగుడిలో దీపము వందల యేండ్లు కొండెక్కక వెలుగునట్లు ధర్మశాస్త్రజ్ఞులు చేసిన యేర్పాటంతయు, కార్తీకపు ముసురులో ఒక బోయవాడో గొల్లవాడో రాత్రి నిద్రమాని పిల్లగొఱ్ఱెను ఆరబెట్టుటపై ఆధారపడి యుండెను. దాతల పేర్లు, వారి తలిదండ్రుల పేర్లు, వారు కోరిన పుణ్యము, సూర్యచంద్రుల సాక్ష్యము, అన్నియు శాసనమున నిలిచినవి. నెయ్యి పోయవలసినవాని పేరును గొన్ని చోట్ల వ్రాసిరి. అతని విద్యను వ్రాయలేదు.

మందలు మేపుకై తరలిపోవుటయు, తరలిన చోట మేపుపన్నగు పుల్లరికై వివాదము వచ్చుటయు తెలుగువారి వీరగాథలలో నొకదానికి మూలము. కాటమరాజు కనిగిరి సీమలో కఱవు పుట్టగా తన ఆలమందలను నెల్లూరి నల్లసిద్ధి రాజ్యమునకు తోలుకొనిపోవుటయు, పుల్లరి చెల్లింపుపై తగవు ముదిరి యుద్ధమగుటయు, ఆ యుద్ధమున ఖడ్గతిక్కన కూలుటయు గొల్లసుద్దుల వలన లోకమునకెల్ల తెలిసినదే. ఆ కథ ఆవులది, ఇచ్చట నేను చెప్పునది గొఱ్ఱెలది. అయినను రెండింటికిని ప్రాణము ఒక్కటే. పచ్చిక యెవరిది, నీడ యెవరిది యను ప్రశ్న ఈ సీమలో ఎన్నడును చిన్నది కాలేదు.

ఇప్పుడు ఆ విద్యను కొంచెము దగ్గఱగా చూతము. చలికాలపు కాపు రొప్పము, అనగా మంద రాత్రి పండు దొడ్డి, కట్టు చోటును ఎంచుటతో మొదలగును. వేసవిలో మంద పొలములలో పండును. రైతు తన చేను బలపడుటకై మందను పిలిపించి, రాత్రికింత యని ధాన్యమిచ్చి, ఎరువు పడునట్లు దినమునకొక మడి చొప్పున నిలుపుకొనును. నల్లరేగడిలో జొన్న, ప్రత్తి, సెనగ పైరులు భాద్రపద ఆశ్వయుజములలో విత్తబడి మాఘ ఫాల్గుణములలో చేతికి వచ్చునవి గనుక, చలికాలమంతయు ఆ చేలలో మందకు చోటు లేదు. కాపరికి ధాన్యపు రాబడి నిలిచిపోవు కాలమును, మందకు మిక్కిలి సేవ కావలసిన కాలమును ఒక్కటే. ఈ సంగతిని గమనింపక కాపరి బ్రదుకును సుఖజీవనముగా వర్ణించువారు ఆ నాలుగు నెలలు అతని యింట గింజ యెక్కడ నుండి వచ్చుచుండెనో విచారించి యుండరు.

చేలు మూసికొనగా మంద గరుగు నేలకు ఎక్కును. కాపరి సాయంకాలమున చోటు చూచును. వాలుగా నున్న నేల, అడుగున గరుసు, పడమటి వైపునకు దిగు వాలు, తూర్పున గుట్టయో, దట్టమైన తుమ్మకంపయో అడ్డము. పల్లము వెచ్చగా కనబడును గాని రాత్రి చల్లగాలి పల్లమునకే దిగి నిలుచును; కావున వాగు అంచున మంద పెట్టువాడు అనుభవము లేనివాడు. చేతితో మట్టి పిడికెడు తీసి నలిపి చూచును. వేళ్లకు అంటుకొన్న యెడల ఆ చోటు పనికిరాదు, ఏలయన తడినేలపై రాత్రి పండిన గొఱ్ఱెకు గిట్టల నడుమ చీము పట్టును, పొదుగు చల్లబడి వాచును.

చోటు కుదిరిన పిమ్మట రేగుకంప, తుమ్మకంప తెచ్చి వలయముగా పేర్చుదురు. ఎఱ్ఱగుంట్ల కమలాపురముల చుట్టు నాపరాయి పొరలు పొరలుగా లేచు నేల గనుక, నిలుకడగా నుండు రొప్పములకు బండలను నిలువుగా పాతి గోడ గట్టుట ఇచ్చటి వాడుక. అట్టి బండగోడ నడుమెత్తు ఉన్నను చాలును. పండుకొన్న గొఱ్ఱె ఎత్తున గాలి విఱుగును. అయితే అదే బండను అడుగున పఱచిన యెడల అది రాత్రి పశువు వేడిని పీల్చివేయును గనుక అడుగున బండ పనికిరాదు. జొన్నచొప్ప, కొఱ్ఱగడ్డి, ఊక, ఏది దొరకిన నది పఱచి, దానిపై పొయ్యిబూడిద చల్లుదురు. బూడిద తడిని పీల్చును, గోమారులను తగ్గించును. మూడు నాలుగు రాత్రుల కొకమాఱు రొప్పమును కదలించుట, కదలింప వీలులేని చోట పైపొర తీసివైచి క్రొత్తపొర వేయుట తప్పని పని.

గంపల విషయము మిక్కిలి ముఖ్యము. తల్లులు మేతకు పోయినప్పుడును, రాత్రి ముసురు పట్టినప్పుడును ఈనిన పిల్లలను పెద్ద గంపల క్రింద మూసెడివారు. ఒక్కొక్క గంప క్రింద నాలుగైదు పిల్లలు ఒకదాని నొకటి ఆనుకొని పండుకొనగా, వాని యొడలి వేడియే వానికి కప్పు. గంప అల్లిక సందులగుండ ఊపిరి ఆడును, వాన సోకకుండ పైన కంబళి కప్పుదురు. గంపను నేలకు అంటించి పెట్టక, ఒక ప్రక్క రాయి పెట్టి వ్రేలెడు సందు విడుచుట అనుభవజ్ఞుల రీతి. లోపలి పిల్లల ఊపిరితో గాలి చెమ్మగిలి, ఆ చెమ్మ వెండ్రుకకు పట్టిన యెడల ఉదయమునకు దగ్గు మొదలగును. వెచ్చదనము కావలయును, గాలియును కావలయును. ఈ రెంటి తూకము తెలియుటయే ఆ పనిలోని నేర్పు.

అర్ధరాత్రి ఈనిన పిల్ల కదలక పడియున్నప్పుడు కాపరి చేయు పనిని చూచినవారు దానిని మఱవరు. మొదట ముక్కు నుండి, నోటి నుండి జిగురు తుడిచి, వెనుక కాళ్లు పట్టి తల వ్రేలాడునట్లు ఒక్క ఊపు ఊపును. ఊపిరి రాకున్న గడ్డిపరకను ముక్కులో పెట్టి కదలించును, తుమ్మెనా, బ్రదికినట్లే. తరువాత తల్లి ముందు పెట్టి నాకనిచ్చును, ఏలయన తల్లి నాలుక రక్తమును నడుపుటయే గాక తల్లికిని పిల్లకును వాసన కలుపును. అది కుదరనిచో ఆ తల్లి రేపు పాలియ్యదు. అటుపైన తన కంబళి చెఱగుతో ఒడలెల్ల రుద్ది, పిల్ల నోటిలో వ్రేలు పెట్టి చూచును. నోరు వెచ్చగా నున్న భయము లేదు. చల్లగా నున్న వెంటనే నెగడు దాపునకు చేర్చవలయును. పిదప ముఱ్ఱుపాలు. తల్లి పొదుగు నుండి మొదటి ధారలు నేలపాలు చేసి, చనుమొన మూతి తెఱచి, పిల్ల నోటికి అందించును. మొదటి కొన్ని గంటలలో కడుపున పడిన ఆ ముఱ్ఱుపాలు ఆహారమును, ఔషధమును, అగ్నియును అగును. పశువైద్యశాస్త్రము నేడు చెప్పునదియు ఇదే.

పెద్ద గొఱ్ఱెల వేడిమికి మూలము కడుపులోనే కలదు. నెమరువేయు పశువుల మొదటి పొట్టలో గరుకుమేత పులిసి కరగునప్పుడు వేడి పుట్టును. సాయంకాలము కడుపు నిండ పీచు గల మేత తిన్న గొఱ్ఱె తెల్లవాఱు దాక లోపలి నుండి వెచ్చగా నుండును. అందుచేత ముసురు దినములలో మంద బయటికి పోలేనప్పుడు వేప, తుమ్మ, రేగు మండలను కొట్టి తెచ్చి వ్రేలాడగట్టుట, నల్లతుమ్మకాయలను వేసవిలోనే యేఱి దాచియుంచుట, జొన్నచొప్పను ముక్కలు చేసి వేయుట, ఇటీవలి శతాబ్దమున వేరుసెనగ కట్టెను వామివేసి యుంచుట ఆచారములైనవి. ప్రొద్దున మంచు ఆఱకముందు మందను విడువకుండుటయు ఈ కాపులోని భాగమే. తడిపచ్చిక కొసలకు ప్రాకియుండు పురుగుపిల్లలు ఎండ పొడుచువేళకు క్రిందికి దిగునని సూక్ష్మదర్శిని లేకయే కాపరులు తెలిసికొనియుండిరి. సాయంకాలము రొప్పమునకు గాలివాలున వేపాకు పొగ వేయుట మఱియొక యాచారము. దీని సంగతి మఱల వచ్చును.

కాపరికి తన కప్పు వేఱు. గొఱ్ఱెకు ఉన్ని లేని ఈ సీమకు కంబళి పడమటి నుండి వచ్చెడిది. అనంతపురము, బళ్లారి ప్రాంతముల నల్ల ఉన్నిగొఱ్ఱెల బొచ్చును కురుబ స్త్రీలు వడకగా, పురుషులు గుంటమగ్గముపై నేసి, చింతగింజలను నానబెట్టి నూఱి కాచిన గంజిని కుంచెతో పట్టించి ఆరబెట్టుదురు. గంజి పట్టిన కంబళి బిరుసెక్కి, వాన తనలోనికి ఇంకక జాఱిపోవును. దానిని తలమీదుగా మడచి కొప్పెర వేసికొన్న కాపరి కఱ్ఱ నానుకొని నిలుచుండియే ముసురును గడపును. రాత్రి అదే పఱపు, అదే కప్పు. ఈనిన పిల్లకు అదే తొలి వస్త్రము. మద్రాసు రైలుమార్గము 1871లో రాయచూరున బొంబాయి మార్గముతో కలిసిన తరువాత మిల్లు దుప్పట్లు చవుకగా దిగినను, గొల్లవాని భుజముపై కంబళి తొలగలేదు. పత్తి దుప్పటి తడిసిన బరువగును, చల్లబడును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపుకొనును.

చలిదేశముల పోషణను దీనితో పోల్చి చూచుట ఉపయోగకరము. ఐరోపాలో ఫెర్రెట్టు అను చిన్న జంతువు కలదు. ముంగిసను పోలిన యాకారముతో, పిల్లి కంటె సన్ననిదై, కలుగులలోని కుందేళ్లను వెడలగొట్టుటకు రెండువేల యేండ్లకు పైగా మనుష్యులచే పెంపబడుచున్నది. స్పెయిను దేశమున దాని నిట్లు వాడుటను గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో వర్ణించెను. దానికి చలికంటె వేసవి వేడిమియే ప్రమాదము. అయినను నీరు గడ్డకట్టు మాసములలో దానిని ఆరుబయట ఉంచువారు చేయునది యేమనిన, కొయ్యపెట్టెను నేల నుండి ఎత్తి పెట్టుదురు, గాలికి పెడమొగముగా త్రిప్పుదురు, లోపల నిద్రించు చిన్నగదిని ఎండుగడ్డితో నింపుదురు, తడిసిన గడ్డిని వెంటవెంట మార్చుదురు, క్రొవ్వు గల ఆహారము ఎక్కువగా పెట్టుదురు, త్రాగునీరు గట్టిపడినదేమో పలుమాఱు చూతురు. కమలాపురపు గంప క్రింద సూత్రమును ఆ పెట్టెలోని సూత్రమును ఒక్కటే. గాలిని ఆపుము, పక్కను పొడిగా నుంచుము, కడుపు నింపుము. ఒకరినొకరు ఎఱుగని జనులు పశువు వలననే ఈ మూడింటిని నేర్చిరి.

స్కాట్లండు దక్షిణపు కొండలలో గొఱ్ఱెలను మంచుతుపాను నుండి కాపాడుటకై రాళ్లతో గుండ్రని గోడలు గట్టుదురు. వానిని స్టెల్లు లందురు. మన బండరొప్పమునకు అవి తోబుట్టువులు. ఆ దేశపు ఎట్రిక్కు లోయలో కాపరిగా పెరిగి కవియైన జేమ్సు హాగ్గు, 1794 జనవరి నాటి తుపానున పదునేడుగురు కాపరులు మరణించిన వృత్తాంతమును, తాను చూచిన దానిని చూచినట్లు 1819లో ఒక పత్రికకు వ్రాసెను. కాపరి తన చలిరాత్రిని తానే వ్రాసిన యట్టి అదృష్టము మన సీమకు పట్టలేదు. మన గొల్లసుద్దులలో యుద్ధము కలదు, దేవత కలదు, ఆలమందల వైభవము కలదు. గంప క్రింది పిల్ల లేదు.

మఱల మన సీమ చరిత్రకు వత్తము. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తము చేయగా, థామసు మన్రో 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండి పొలము పొలమునకు శిస్తు కట్టెను. సేద్యపు నేలకు రైతు పేర లెక్క యేర్పడెను; మంద తిరుగు నేలకు కాపరి పేర లెక్క యేర్పడలేదు. మగ్గములపైనను వృత్తులపైనను మొహతర్ఫా యను పన్ను 1861 వఱకు సాగెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాతుకఱవు రాయలసీమను తుడిచివేసినప్పుడు మనుష్యులకే అన్నము లేదు, మందల మాట చెప్పనేల.

అన్నిటికంటె నెక్కువగా మార్పు తెచ్చినది 1882 నాటి మద్రాసు అడవుల చట్టము. పాలకొండలు, లంకమల, నల్లమల అంచులు రిజర్వు అడవులై, మేపునకు అనుమతి చీట్లు, రుసుములు వచ్చినవి. చరిత్రకారులు దీనిని పచ్చిక తగవుగా వ్రాసిరి. నా యెఱుకలో అది చలికాలపు తగవు గూడ. కొండపాదమున నీరు నిలువని గరుసు, గాలిని విఱుచు చెట్లు, నెగడునకు పుల్లలు, మండలు కొట్టుకొనుటకు ఆకు, ముసురు దినములలో మందకు కావలసినవన్నియు అచ్చటనే కలవు. గీత గీచినప్పుడు కాపరి పోగొట్టుకొన్నది మేతతో పాటు ఆశ్రయము. 1921, 1922 సంవత్సరములలో నాటి కడప మండలపు రాయచోటి తాలూకాలోను, పల్నాటిలోను ప్రజలు రుసుము చెల్లింపక పశువులను అడవికి తోలిరి; పల్నాటిలో పుల్లరి నెదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసుల తుపాకికి బలియయ్యెను. కాటమరాజు నాటి పుల్లరి తెల్లదొరల కాలమున మఱల రక్తము చూచినది.

కర్నూలు కడప కాలువ వచ్చిన పిమ్మట నేలయొక్క స్వభావమే కొన్ని చోట్ల మాఱినది. మద్రాసు నీటిపారుదల కంపెనీ త్రవ్వించగా, 1882లో ప్రభుత్వము కొనిన ఈ కాలువ క్రింద వరి పండెను. కోసిన మడులలో కొయ్యకాలు, గట్టుపచ్చిక మందకు దొరకెను. కడుపు నిండెను గాని కాలి క్రింద తడి పెరిగెను. తడిమడులలో మేసిన గొఱ్ఱెకు కార్జపు జలగ పట్టుననియు, దవడ క్రింద నీరు దిగుననియు కాపరులు గ్రహించి, మాగాణిలో మేపినను పడుకకు మాత్రము మెట్టకే తోలుకొనిపోవుట మొదలిడిరి.

వేపాకు పొగ సంగతి ఇచ్చట చెప్పవలయును. వానల తరువాత మందలలో మూతి వాచి, నాలుక నీలివర్ణము దాల్చి, కాళ్లు కుంటుపడి గొఱ్ఱెలు చచ్చెడి వ్యాధి మన దేశమున 1964లో శాస్త్రజ్ఞులచే గుర్తింపబడినది. కాపరులు మూతివాపు అనునది అదియే. కంటికి కనబడీ కనబడనంత చిన్న ఈగలు తడిపేడలో పుట్టి, సంధ్యవేళ కుట్టి దీనిని వ్యాపింపజేయును. సంధ్యవేళనే గాలివాలున పొగ పెట్టి, తడిపేడను తొలగించి, రొప్పమును కదలించుచుండిన కాపరి ఈ శత్రువును పేరెఱుగకయే అడ్డగించుచుండెను. పొగ ఒక్కటే చాలదనుటయు నిజమే. టీకాలు కావలయును, వైద్యులు కావలయును. 1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల వెలసినది. 2008లో ప్రొద్దుటూరున మఱియొకటి వెలసినది. పులివెందులలో పశుపరిశోధనా కేంద్రము కట్టబడినది. మందలకు నడుమ ఇట్టి విద్యాలయములు నెలకొనుట ఈ సీమకు గొప్ప మేలు. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశమున గొఱ్ఱెలు కోటి 76 లక్షలని తేలినది; దేశమున తెలంగాణమునకు తరువాత ఇంతటి సంపద మఱియొక రాష్ట్రమునకు లేదు.

2021 నవంబరున పట్టిన ముసురు పాతకాలపు ముసురులను తలపింపజేసినది. ఆ నెల 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను ముంచినది. ఆ దినములలోనే కమలాపురమునకు సమీపమున పాపఘ్నిపై వంతెన కూలినది. ఏటి ఒడ్డున మంద పెట్టరాదను పాత కట్టడి ఎంతటి అనుభవము నుండి పుట్టినదో ఆ వారము మఱల తేటపడినది. ఇప్పుడు కంబళికి మాఱుగా గంపలపై టార్పాలిన్ పట్టాలు కప్పుచున్నారు, సిమెంటురేకుల కొట్టములు లేచుచున్నవి, కలిగినవారు నేల నుండి ఎత్తుగా పలకల అరుగులు వేయించి క్రింద గాలి ఆడునట్లు చేయుచున్నారు. అవి మంచివే. పట్టాను నాలుగు వైపుల బిగించి కట్టిన చోట మాత్రము వ్రేలెడు సందును గూర్చిన ఆ పాత మాట మఱువరాదు.

ప్రతి యూరికిని మంద నిలుచు మెట్టనేల యొకటి ఉండెడిది. రెవిన్యూ లెక్కలలో మందబయలు పోరంబోకు అను పేర అది కొన్ని గ్రామములలో నేటికిని నమోదై యున్నది. వాననీరు నిలువని గరుసుచోటును తరతరముల కాపరులు ఎంచి పెట్టగా, తాత్కాలికముగా ఖాళీగా కనబడు ఆ నేల బండల గనులకును, ఇండ్ల స్థలములకును, కంచెలకును పోవుచున్నది. ప్రొద్దుటూరి పశువైద్య విద్యార్థులు వృద్ధ కాపరులను వెంటబెట్టుకొని, కమలాపురము మొదలు జమ్మలమడుగు వఱకు ఏ యూర ఏ మెట్టపై చలికాలమున మంద నిలిచెడిదో, అచ్చట గాలి యే దిక్కున విఱుగునో, నీరు ఏ వైపునకు పాఱునో పటములు గీచి పెట్టిన యెడల, తహసీల్దారు కచేరీలో ఆ నేలను అడుగుటకు కాపరి చేతిలో ఒక కాగితమైన నుండును.